గేదెను చూసినట్టు గుర్రాన్ని చూడకండి

మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో గేదె గురించి ఒకరు ఇంకొకరికి చెప్పాల్సిన పని లేదు. అది కుడితి ముట్టకపోతే ఎందుకు ముట్టలేదో డాక్టరు రాకముందే ఇంట్లో పెద్దావిడ చెప్పేస్తుంది. గుర్రం దగ్గరికి వచ్చేసరికి ఆ అనుభవమే మనల్ని ముంచుతోంది. పెళ్లి ఊరేగింపుల కోసమో, సరదాకో గుర్రాన్ని కొంటాం. తెచ్చి గొడ్ల చావిట్లో గేదె పక్కన కట్టేస్తాం. గేదెకు వేసిందే దానికీ వేస్తాం, గేదెకు పోసినట్టే మందు పోస్తాం. మా పశువైద్యుల దగ్గరికి వచ్చే గుర్రాల్లో చాలావాటి కథ ఇలాగే మొదలవుతుంది.

తేడా ఎక్కడుందో ముందు చూడండి. గేదె పొట్టలో నాలుగు గదులు. గబగబా మింగి, తర్వాత తీరిగ్గా పడుకుని నెమరేస్తుంది. గుర్రానికి నెమరు లేదు. పొట్ట ఒకటే, అది కూడా చిన్నది. ఎంత పెద్ద గుర్రానికైనా 8 నుంచి 15 లీటర్లు పడుతుంది, అంతే. పీచంతా అరిగేది వెనకనున్న పెద్ద పేగుల్లో. అన్నిటికన్నా ముఖ్యం, గుర్రం వాంతి చేసుకోలేదు. లోపలికి వెళ్లింది ఎక్కువైనా, కుళ్లిందైనా, పైకి వచ్చే దారి మూసుకుపోయి ఉంటుంది. అందుకే గేదెకు ఒక పూట అజీర్తి చేసి పోయే తిండి గుర్రానికి ప్రాణం మీదకు తెస్తుంది.

బాగున్నప్పుడే లెక్కలు రాసిపెట్టుకోండి

జబ్బు చేశాక నాడి ఎంతుందో చూస్తే ఏం తెలుస్తుంది? మామూలుగా ఎంతుండేదో తెలియాలి కదా. వారం రోజుల పాటు, పొద్దున్నే మేత వేయకముందు ఐదు నిమిషాలు కేటాయించండి.

గుర్రం ఎడమ భుజం పక్కన నిలబడి, కింది దవడ ఎముక లోపలి అంచు వెంట మూడు వేళ్లు పెట్టి మెల్లగా వెనక్కీ ముందుకీ జరపండి. తడిసిన పురికొసలా ఒకటి వేళ్ల కింద జారుతుంది. అదే నాడి. దాన్ని ఎముకకు కాస్త అదిమి, 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. ఊరికే నిలబడి ఉన్న పెద్ద గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44 ఉండాలి. మొదటిసారి దొరకదు, టెన్షన్ పడకండి. మా దగ్గర చేరిన కుర్రాళ్లకు కూడా రెండు మూడు రోజులు పడుతుంది.

తర్వాత డొక్క కదలిక చూస్తూ ఊపిరి లెక్కపెట్టండి. నిమిషానికి 8 నుంచి 16. జ్వరం చూడటానికి మెడికల్ షాపులో దొరికే మామూలు డిజిటల్ థర్మామీటరు చాలు. దానికి ఒక దారం కట్టి, దారం రెండో కొసకు బట్టల క్లిప్పు తగిలించి తోకకు పెట్టండి, జారి కింద పడదు, లోపలికీ పోదు. థర్మామీటరు కొసకు కాస్త కొబ్బరినూనె రాసి మలద్వారంలో పెట్టాలి. వెనక నిలబడొద్దు, పక్కన నిలబడాలి. 99.5 నుంచి 101.3 ఫారెన్‌హీట్ మధ్య ఉంటే మామూలే.

పై పెదవి ఎత్తి చిగురు మీద బొటనవేలితో నొక్కి వదలండి. నొక్కినచోట తెల్లబడి, మీరు మనసులో 'ఒకటి, రెండు' అనుకునేలోపే మళ్లీ గులాబీ రంగు రావాలి. ఆలస్యమైతే ఒంట్లో నీరు తగ్గినట్టో, రక్తం సరిగా తిరగనట్టో లెక్క. ఆఖరుగా డొక్కకు చెవి ఆనించండి. రెండు పక్కలా గుడగుడలు వినిపించాలి. గుర్రం పొట్టలో చప్పుడు ఉంటే మనకు నిశ్చింత, చప్పుడు లేకపోతేనే భయం.

లద్దె మీద కూడా ఓ కన్నేయండి. రోజుకు ఎనిమిది పదిసార్లు వేయాలి. ఉండలు నేలను తాకగానే కాస్త విడిపోవాలి. గట్టిగా, చిన్నగా, పైన జిగురు అంటుకుని ఉంటే నీళ్లు చాలడం లేదు.

మేత: అసలు గొడవంతా ఇక్కడే

ముందు బరువు తెలియాలి. వే బ్రిడ్జి దాకా వెళ్లక్కర్లేదు, దర్జీ టేపు చాలు. ముందు కాళ్ల వెనక నుంచి ఛాతీ చుట్టుకొలత సెంటీమీటర్లలో తీసుకోండి. భుజం ముందు కొస నుంచి పిరుదు వెనక కొస దాకా పొడవు తీసుకోండి. చుట్టుకొలతను చుట్టుకొలతతోనే గుణించి, దాన్ని పొడవుతో గుణించి, 11,880తో భాగించండి. చుట్టుకొలత 160, పొడవు 140 అనుకుంటే దాదాపు 302 కిలోలు వస్తుంది. మన ఊరేగింపుల్లో కనిపించే గుర్రాలు చాలావరకు ఈ చుట్టుపక్కలే ఉంటాయి.

300 కిలోల గుర్రానికి రోజుకు ఎండు లెక్కన 6 కిలోల గడ్డి కావాలి. అంటే బరువులో నూటికి రెండు వంతులు. పచ్చిగడ్డిలో నాలుగింట మూడు వంతులకు పైగా నీళ్లే కాబట్టి, అచ్చంగా పచ్చిదే వేస్తే 25 నుంచి 30 కిలోలు. దీన్ని గేదెకు వేసినట్టు పొద్దునో మోపు, సాయంత్రం ఓ మోపు వేసి ఊరుకోకూడదు. గుర్రం పొట్టలో ఆమ్లం రోజంతా ఊరుతూనే ఉంటుంది. నాలుగైదు గంటలు ఖాళీగా ఉంచితే పుండ్లు పడతాయి. నాలుగైదు సార్లుగా వేయండి, పడుకోబోయే ముందు వేసేది కాస్త ఎక్కువ వేయండి.

ఏ గడ్డి? మన డెల్టాలో చేతికందేది వరిగడ్డి. గేదెకు సరే. గుర్రానికి మాత్రం అదొక్కటే వేస్తే బలం రాదు సరికదా, గరుకు పీచు పేగుల్లో ముద్దకట్టి అడ్డం పడుతుంది. వేయక తప్పని రోజుల్లో సగానికి మించకుండా, పచ్చిగడ్డితో కలిపి వేయండి. వానకు తడిసి బూజు పట్టిన వామి గడ్డి అసలే వద్దు. కాలవ గట్ల మీద పెరిగే గరిక గుర్రానికి బ్రహ్మాండమైన మేత. కలుపు మందు కొట్టిన గట్టు కాకుండా చూసుకుంటే చాలు. పిల్లిపెసర దొరికితే ఎండబెట్టి కొంచెం కొంచెంగా కలపండి.

రెండు మేతల విషయంలో మనవాళ్లు తరచూ పొరపడతారు. జనుము గేదెలకు వేస్తాం కదా అని గుర్రానికీ వేస్తారు. జనుము జాతి మొక్కల్లో, ముఖ్యంగా గింజల్లో, గుర్రం కాలేయాన్నీ ఊపిరితిత్తులనూ దెబ్బతీసే విషాలుంటాయి. ఇంకొకటి పచ్చి జొన్న. లేత పైరులో, నీళ్లు లేక వాడిన పైరులో సైనైడ్ విషం ఉంటుంది. అది తప్పినా, వారాల తరబడి మేసిన గుర్రానికి మూత్రాశయం పట్టు తప్పి, వెనక కాళ్లు తూలడం మొదలవుతుంది.

ఇక తవుడు. ఇదే నాకు ఎక్కువ కోపం తెప్పించే విషయం. డెయిరీకి పాలు పోసేవాళ్ల ఇళ్లలో సూపర్ నేపియర్ గడ్డి, తవుడు ఎప్పుడూ ఉంటాయి. ఆ రెండే గుర్రానికీ వేస్తారు. తవుడులో భాస్వరం కాల్షియం కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. నేపియర్‌లో ఆక్జలేట్లు ఉంటాయి, అవి మేతలో ఉన్న కాస్త కాల్షియాన్ని కూడా పట్టేసుకుంటాయి. అప్పుడు గుర్రం ఒళ్లు తన ఎముకల్లో నుంచే కాల్షియం లాక్కుంటుంది. కొన్ని నెలలకు ముక్కుకు రెండు పక్కలా ముఖం ఎముకలు ఉబ్బుతాయి. ఈ రోజు ఒక కాలు, రేపు ఇంకో కాలు కుంటుతుంది. గుంటూరు పక్క పల్లె నుంచి ఒకాయన 'మా గుర్రం బాగా తిని ముఖం నిండుగా తయారైందండీ' అని మురిసిపోతూ తీసుకొచ్చాడు. చేత్తో తడిమితే ఎముక. కండ కాదు. నేపియర్ ఉంటే సగానికి తగ్గించి గరికో, లూసర్న్ గడ్డో కలపండి. తవుడు గుప్పెళ్లలో ఉండాలి, తట్టల్లో కాదు. కాల్షియం పొడి ఎంత కలపాలో డాక్టరుతో లెక్క కట్టించుకోండి.

ఉలవలు మంచివే. నానబెట్టి, ఉడికించి, గుగ్గిళ్లుగా చల్లార్చి పెట్టండి. పచ్చివి, ఎండువి పొట్టలో ఉబ్బుతాయి. గింజలన్నీ కలిపి ఒక పూటకు కిలో దాటనివ్వకండి. కుడితి గాబు దగ్గరికి గుర్రాన్ని పోనివ్వొద్దు. పులిసిన గంజి, మిగిలిన అన్నం, తొక్కలు దాని తిండి కాదు. కోళ్ల దాణా సంచీ ఉన్న గదికి తాళం వేయండి. కోళ్లకు రక్త విరేచనాలు రాకుండా దాణాలో కలిపే మోనెన్‌సిన్ లాంటి మందు గుర్రం గుండె కండరాన్ని తినేస్తుంది. కొద్ది మోతాదు చాలు, విరుగుడు లేదు.

ఏ మేత మార్చినా వారం పది రోజుల్లో మెల్లగా మార్చండి.

నీళ్లు, ఉప్పు, రోహిణి కార్తె

గేదె ఎండకు తట్టుకోలేక చెరువులో దిగుతుంది. గుర్రం మనిషిలా చెమట పట్టించుకుని చల్లబడుతుంది. ఆ చెమటతో పాటు ఉప్పు బోలెడు పోతుంది. 300 కిలోల గుర్రం మామూలు రోజుల్లో 20 నుంచి 30 లీటర్లు తాగుతుంది, మే నెలలో దానికి రెట్టింపు. బక్కెట్ ఎప్పుడూ నీడలో ఉండాలి. రోజుకు రెండు చెంచాల రాళ్ల ఉప్పు దాణాలో కలపండి, వేసవిలో మూడు. ఎంత తాగుతోందో తెలియాలంటే తొట్టి కాకుండా 20 లీటర్ల బక్కెట్లు పెట్టి లెక్కపెట్టండి.

బండి లాగే, బరువు మోసే జంతువులను 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 మధ్య పని చేయించకూడదని 1965 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. ముళ్ల కళ్లెం కూడా వాటి ప్రకారం నిషిద్ధమే. బెజవాడలో ఏప్రిల్ నుంచి జూన్ దాకా చాలా రోజులు 37 దాటుతుంది కాబట్టి, ఆ మూడు నెలలు మధ్యాహ్నం పని లేదనే అనుకోండి.

వడదెబ్బ తగిలిందని ఎలా తెలుస్తుంది? ముక్కుపుటాలు విప్పారి రొప్పుతుంది, నీడలో నిలబెట్టినా ఊపిరి దిగదు, తూలుతుంది. వెంటనే చల్లటి నీళ్లు ఒళ్లంతా, ఆపకుండా పోయండి. ఐసు ముక్కలు వేసిన నీళ్లయినా పరవాలేదు. వేడి మీదున్న గుర్రానికి చల్లనీళ్లు పోస్తే కాళ్లు పట్టేస్తాయనేది పాత భయం. తడి గోనెలు మాత్రం కప్పకండి, అవి వేడిని లోపలే ఉంచేస్తాయి. తాగుతానంటే తాగనివ్వండి. మన కోస్తా ఉక్కపోతలో కొన్ని గుర్రాలకు చెమట పట్టడమే ఆగిపోతుంది. ఎండలో నడిచొచ్చాక కూడా మెడ పొడిగా, వేడిగా ఉంటే డాక్టరుకు చూపించండి.

ముహూర్తాల రోజులు, మూఢం రోజులు

ఊరేగింపుకి గుర్రం మోయగలిగేది దాని బరువులో ఐదో వంతు అని వాడుకలో ఉన్న లెక్క. 300 కిలోల గుర్రానికి జీనుతో కలిపి 60 కిలోలు. ఇప్పుడు మన పెళ్లికొడుకుల్ని తలుచుకోండి. 85 కిలోల మనిషి, షేర్వాణీ, ముందు తోడపెళ్లికొడుకు, వాడి చేతిలో కూల్‌డ్రింకు. బేరం కుదిరేటప్పుడే బరువు అడగండి. అడగడానికి మొహమాటపడితే గుర్రం నడుం మోస్తుంది ఆ మొహమాటాన్ని. బరువైన మనిషైతే రథం కట్టమనండి.

బయల్దేరే ముందు గడ్డి తినిపించండి, గుగ్గిళ్లు వద్దు. చెవుల్లో దూది పెట్టి, బయటికి కనిపించే దారం కట్టండి. డీజే బండికి, టపాకాయలకు కనీసం ఒక లారీ పొడవు ఎడం అని పెళ్లివాళ్లతో ముందే మాట్లాడుకోండి. విందులో ఎవరు ఏం పెట్టినా, లడ్డూ అయినా బిర్యానీ అయినా, వద్దనడానికి ఒక మనిషిని పక్కనే ఉంచండి.

అసలు ప్రమాదం పని ఉన్న రోజుల్లో కన్నా పని లేని రోజుల తర్వాత ఉంటుంది. ఆషాఢం వచ్చిందనుకోండి, మూఢం వచ్చిందనుకోండి. ముహూర్తాలు లేవు, గుర్రం కట్టుగొయ్య దగ్గరే ఉంటుంది, దాణా మాత్రం మామూలే. శ్రావణంలో మొదటి ముహూర్తానికి జీను వేసి తోలుకెళ్తారు. అర కిలోమీటరు నడిచేసరికి చెమటలు పట్టి, వెనక కాళ్లు కొయ్యల్లా బిగుసుకుపోతాయి. మూత్రం కాఫీ డికాషన్ రంగులో వస్తుంది. కండరాలు విరిగి ఆ రంగు కిడ్నీల్లోకి దిగుతున్నట్టు. అక్కడే ఆపండి, ఒక్క అడుగు కూడా నడిపించకండి, నీళ్లు పెట్టండి, డాక్టరును అక్కడికే రప్పించండి. రాకుండా చూసుకోవడం సులువు. పని ఆగిన రోజునే గింజలు సగానికి తగ్గించి గడ్డి పెంచండి, రోజూ అరగంట నడిపించండి, ముహూర్తాలు మొదలయ్యే వారం ముందు నుంచి నడక పెంచండి.

గిట్టలు

రోజూ నాలుగూ ఎత్తి, మడమ నుంచి ముందుకు గీరి శుభ్రం చేయండి. మురుగు కంపు కొట్టి నల్లటి పదార్థం వస్తుంటే గిట్ట కుళ్లుతోంది, ముందు కట్టే చోటు పొడిగా చేయండి. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్టలు చెక్కించి లాడాలు మార్పించాలి. లాడం కొట్టేవాళ్లు మన దగ్గర అరుదు కాబట్టి మనిషిని ముందే మాట్లాడిపెట్టుకోండి. మేకు దిగితే గభాల్న పీకొద్దు, ఎక్కడ ఎంత లోతు దిగిందో డాక్టరు చూడాలి. నడిస్తే ఇంకా లోపలికి పోయేలా ఉంటేనే తీసి, ఆ చోట గుర్తు పెట్టండి. ధనుర్వాతం గుర్రానికి వచ్చినంత తేలిగ్గా ఇంకే జంతువుకూ రాదు. నాలుగు నుంచి ఆరు వారాల ఎడంతో రెండు టీకాలు, ఆ తర్వాత ఏడాదికొకటి వేయించండి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడ సింగ్‌నగర్‌లో రోజుల తరబడి నీళ్లు నిలవడం అందరం చూశాం. లోతట్టులో ఉండేవాళ్లు వానలకు ముందే ఎత్తైన చోటు ఒకటి చూసిపెట్టుకోండి. నీళ్లు వస్తుంటే గుర్రాన్ని కట్టేసి మాత్రం వెళ్లకండి.

ముక్కు కారుతుంటే

కొత్తగా కొన్న గుర్రాన్ని మూడు వారాలు వేరుగా కట్టండి, బక్కెట్టు కూడా వేరే. చిక్కటి చీము ముక్కులోంచి కారుతున్నా, ఒంటి మీద గడ్డలు వరసగా లేచి పగులుతున్నా గ్లాండర్స్ అనుమానించాలి. ఇది మనుషులకూ అంటుతుంది, ప్రాణాంతకం. చట్టప్రకారం పశుసంవర్ధక శాఖకు తప్పక చెప్పాలి. రక్తం నమూనా తీసి పరీక్షకు పంపుతారు. చేతికి తొడుగు లేకుండా ఆ ముక్కు తుడవకండి. జ్వరం వచ్చి పోతూ, పొట్ట కింద, కాళ్లలో నీరు దిగి, గుర్రం చిక్కిపోతుంటే అది జోరీగలు మోసుకొచ్చే సర్రా జబ్బు కావచ్చు. దానికి మందుంది.

కడుపునొప్పి వచ్చిన రాత్రి

ముందు కాలితో నేల గీకుతుంది. తల తిప్పి డొక్క వంక చూసుకుంటుంది. పడుకుంటుంది, లేస్తుంది, పొర్లుతుంది. మేత ముట్టదు. ఇలా కనిపించగానే టైము చూసి రాసుకోండి. మేత, దాణా మొత్తం తీసేయండి. నాడి చూడండి. 60 దాటిందంటే ఆ రాత్రే డాక్టరు రావాలి, తెల్లారేదాకా ఆగొద్దు.

గేదెకు పోసినట్టు గొట్టంతో నూనె పోయకండి. వాము నీళ్లు, సోడా, ఆముదం ఏదీ వద్దు. తల పైకెత్తి పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒకసారి పెళ్లి ముగిశాక అర్ధరాత్రి ఫోను వచ్చింది. నేను వెళ్లేసరికి మంచి మనసుతోనే ఎవరో అర లీటరు నువ్వులనూనె పోసేశారు. కడుపునొప్పి తెల్లారేసరికి తగ్గింది. గుర్రం మాత్రం నాలుగో రోజు న్యుమోనియాతో పోయింది. మేము కూడా నూనె పోస్తాం. కాకపోతే ముక్కులోంచి పొట్టలోకి గొట్టం దించి, అది పొట్టలోనే ఉందని చూసుకుని, లోపల నిలిచిన నీళ్లు బయటికి తీశాక పోస్తాం.

నొప్పి ఇంజెక్షన్ మీరే కొనుక్కొచ్చి వేయకండి. నొప్పి తగ్గుతుంది, పేగు మెలిక అలాగే ఉంటుంది, మేమొచ్చేసరికి ఏం తెలియదు. నొప్పి మందుల్లో డైక్లోఫెనాక్ అయితే, అది వేసిన పశువుల కళేబరాలు తిని రాబందులు చనిపోతున్నాయని పశువుల కోసం తయారు చేయడాన్నే 2006లో ఆపించారు.

గుర్రం ప్రశాంతంగా పడుకుంటే పడుకోనివ్వండి. విసురుగా పొర్లుతుంటే మాత్రం పది పదిహేను నిమిషాలు మెల్లగా నడిపించండి. రాత్రంతా నడిపించి దాన్ని అలిసిపోయేలా చేయొద్దు. పడుకున్న గుర్రం కాళ్ల వైపు కూర్చోకండి.

ఫోనులో మాకు చెప్పాల్సినవి: ఎప్పుడు మొదలైంది, నాడి ఎంత, చిగురు రంగు, ఆఖరి లద్దె ఎప్పుడు వేసింది, నిన్నటి నుంచి ఏం తిన్నది, ఏమైనా పోశారా. పోసి ఉంటే దాచకండి, తిట్టం. దగ్గర్లో ఎవరూ దొరకకపోతే 1962కి ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం సంగతి చెబుతారు. గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాలలో ఆసుపత్రి ఉంది. అటు తీసుకెళ్లాల్సి వస్తుందేమోనని ఎక్కించే పలక ఉన్న బండిని మాట్లాడి ఉంచండి. మేము వచ్చేలోపు రెండు బక్కెట్ల గోరువెచ్చని నీళ్లు, ఒక మంచి టార్చిలైటు, గుర్రం తల పట్టుకోవడానికి దానికి బాగా అలవాటైన మనిషి ఒకరు సిద్ధంగా ఉండాలి. మిగతా చుట్టాలను చావిడి బయట కూర్చోబెట్టండి.